గూగుల్లో కనబడిందల్లా ఉచితం కాదు, బుజ్జీ

విశాఖపట్నం



నువ్వు పంపిన డిజైన్లు చూశాను. అండమాన్‌లో, అబర్డీన్ బజార్లోని మీ నాన్న కొట్టులో ఇకనుంచి టీషర్టులు నువ్వే వేయించి అమ్ముతానంటే చాలా సంతోషమేసింది. చెన్నై నుంచి ఓడలో దిగిన ఒకే రకం సరుకు ప్రతి కొట్టులోనూ వేలాడే చోట, సొంత బొమ్మ ఉన్న షర్టుకు గిరాకీ తప్పకుండా ఉంటుంది. కానీ నువ్వు పంపినవాటిలో సగం గూగుల్లో పట్టినవే. వాటిని వాడొద్దమ్మా.

గూగుల్ బొమ్మను చూపిస్తుందంతే. హక్కు గీసినవాళ్ళదే. మన కాపీరైట్ చట్టం ప్రకారం చిత్రకారుడు బతికున్నన్నాళ్ళూ, పోయాక మరో 60 ఏళ్ళూ ఆ హక్కు నిలుస్తుంది. సినిమా హీరో, కార్టూన్ ఎలుక, బూట్ల కంపెనీ గుర్తు ఎంత అమ్ముడుపోయినా మన కొట్టుకు రాకూడదు. పక్క కొట్టువాడు వేస్తున్నాడుగా అంటావేమో, వాడి సంగతి మనకెందుకు?

ఉచితంగా వాడుకోమని మనసారా ఇచ్చినవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. బొమ్మ పక్కన ‘సీసీ జీరో’ (క్రియేటివ్ కామన్స్ జీరో) అని ఉంటే మార్చుకో, అచ్చేసుకో, అమ్ముకో, ఎవర్నీ అడగక్కర్లేదు. ఓపెన్‌క్లిపార్ట్ అనే సైట్‌లో బొమ్మలన్నీ ఇలా ఇచ్చేసినవే. న్యూయార్క్‌లోని మెట్ మ్యూజియం 2017లో, స్మిత్సోనియన్ 2020లో తమ బొమ్మలు లక్షల్లో ఇలాగే వదిలేశాయి. ‘సీసీ బై’ అని ఉంటే గీసినవాళ్ళ పేరు వేయాలి. షర్టుకు కట్టే అట్టముక్క మీద వేస్తే సరిపోతుంది. ‘ఎన్‌సీ’ అని కనబడితే మాత్రం వెనక్కి వచ్చెయ్. అది వ్యాపారానికి కాదు, నీది వ్యాపారం. పిక్సాబే, అన్‌స్ప్లాష్‌లో ఫొటోలు ఊరికే వస్తాయి గానీ, ఉన్నదున్నట్టు షర్టు మీద వేసి అమ్మడానికి వాళ్ళ షరతులు ఒప్పుకోవు. నీ పనితనం అందులో కలవాలి.

ఇక అసలు నిధి చెబుతాను. బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ అని ఒకటుంది. పాత జీవశాస్త్ర పుస్తకాలు కోట్ల పుటలు స్కాన్ చేసి నెట్‌లో పెట్టారు. అందులో ఫ్రాన్సిస్ డే రాసిన ‘ది ఫిషెస్ ఆఫ్ ఇండియా’ వెతుకు. ఆయన మద్రాసు సైన్యంలో డాక్టరుగా వచ్చి చేపల వెంట పడ్డాడు. అండమాన్ చేపల మీద 1870లోనే వ్యాసం సమర్పించాడు. ఈ పుస్తకం 1875-78 మధ్య వచ్చింది. ఆయన 1889లో పోయాడు కాబట్టి హక్కుల గొడవ ఎప్పుడో తీరిపోయింది. ఆ పుస్తకంలోని బొమ్మల ప్లేట్లు ఒకసారి పెద్దవి చేసి చూడు. ఒక్కో పొలుసూ విడివిడిగా, రెక్కలో ఒక్కో ముల్లూ లెక్కపెట్టేలా, అంతా నలుపే. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ కట్టాలి, ఖర్చు పెరిగేది అక్కడే. నల్లగీత బొమ్మకు ఒక్క స్క్రీన్ చాలు. మీ చేపల మార్కెట్లో రోజూ చూసే చేపే షర్టు మీదకు వస్తే టూరిస్టూ కొంటాడు, ఊరివాడూ కొంటాడు.

బొమ్మ దించేటప్పుడు అన్నిటికంటే పెద్ద సైజే తీసుకో. అచ్చయ్యే కొలతలో అంగుళానికి 300 చుక్కలుండాలి. ఒకప్పుడు ఉపగ్రహం మీద నెట్ నడిచిన రోజుల్లో మీకు ఇంత పెద్ద ఫైలు దించడం అయ్యే పనేనా? 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ వచ్చాక మీ దీవులకు ఆ బాధ తగ్గింది. తర్వాత ఇంక్‌స్కేప్‌లో పెట్టి ‘ట్రేస్ బిట్‌మ్యాప్’ కొడితే గీతలుగా మారుతుంది, ఎంత పెంచినా చెదరదు. ఆ సాఫ్ట్‌వేర్‌కీ పైసా అక్కర్లేదు.

తెలుగులో వేయడానికి జంకకు. 2011 లెక్కల్లో దీవుల జనంలో నూటికి సుమారు 13 మంది మనవాళ్ళు. వినాయక చవితి కమిటీలు, క్రికెట్ జట్లు తెలుగు షర్టులు అడుగుతాయి. గూగుల్ ఫాంట్స్‌లో సిలికానాంధ్ర వాళ్ళు విడుదల చేసిన రామభద్ర, గిడుగు, గురజాడ ఉన్నాయి. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కాబట్టి అమ్మే సరుకు మీదా వాడొచ్చు. బట్ట మీద లావు అక్షరమే నిలుస్తుంది, సన్న అక్షరాల్లో ఒత్తుల సందులు ఇంకుతో పూడిపోతాయి. ప్రింటర్‌కి ఇచ్చేముందు అక్షరాలను ‘పాత్’గా మార్చడం మరిచిపోకు. లేకపోతే వాళ్ళ కంప్యూటర్లో ఒత్తులు ఊడి పక్కకు పడతాయి.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. నువ్వు వెతుకుతుంటే అండమాన్ ఆదివాసుల పాత ఫొటోలు తగులుతాయి. 1890ల్లో పోర్ట్‌మన్ అనే ఆంగ్ల అధికారి తీసినవి చాలా ఉన్నాయి. కాపీరైట్ తీరిపోయిందే అనుకోవచ్చు. అయినా ముట్టుకోకు. ఆ మనుషుల్ని వస్తువుల్లా నిలబెట్టి, కొలిచి తీసిన ఫొటోలవి, వాళ్ళ ఇష్టం ఎవరూ అడగలేదు. ఈనాటి జారవా ఆదివాసులను ఫొటో తీయడమే నేరం, 1956 నుంచి వాళ్ళ రక్షణకు ప్రత్యేక నిబంధనలున్నాయి. వాళ్ళ ముఖం మన లాభానికి అట్టబొమ్మ కాకూడదు. సెల్యులార్ జైలు గీయి, పడౌక్ చెట్టు గీయి, డుగాంగ్ గీయి, బారెన్ ద్వీపం అగ్నిపర్వతం గీయి. నీకు బొమ్మల కరువేమీ లేదు.

ప్రతి బొమ్మకూ ఒక ఫోల్డర్ పెట్టుకో. అందులో ఫైలుతో పాటు లైసెన్స్ కనబడే పేజీ స్క్రీన్‌షాట్, దించిన తేదీ ఉంచు. రేపు ఎవరైనా వచ్చి అడిగితే అదే నీకు జవాబు.

ఈ వారం ఆ చేపల ప్లేట్లు చూసి, నచ్చినవి నాకు పంపు. వాట్సాప్‌లో ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపు, లేకపోతే గీతలన్నీ నలిగిపోతాయి.

మీ పెదనాన్న