పిరానా కాదు, రూప్‌చందు

పోయిన వేసవి సెలవులకు ఆంబూరు వెళ్ళేసరికి మా తమ్ముడు అద్దాల తొట్టి ఒకటి పెట్టుకుని కూర్చున్నాడు. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు. అందులో నాలుగు గోల్డ్‌ఫిష్‌లు, వాటి మధ్య రెండంగుళాల చేప ఒకటి. వెండి ఒళ్ళు, ఎర్రటి పొట్ట. అంగడాయన ‘రెడ్ పిరానా’ అని చెప్పి అమ్మాడట. మావాడికి అదే గొప్ప. వీధిలో పిల్లల్నందర్నీ పిలిచి, వేలు పెడితే ఎముక కూడా మిగలదని బెదిరిస్తున్నాడు.

వారం తిరక్కముందే గోల్డ్‌ఫిష్‌ల తోకలు చీరంచును ఎలుక కొరికినట్టు తయారయ్యాయి. ఒకటి చచ్చిపోయింది. “ఆ రాక్షసిని ఎక్కడైనా పారెయ్యరా” అంది అమ్మ.

నేను ఫోటో తీసి హాస్టల్లో నా గదిలో ఉండే కైకలూరు అమ్మాయికి పంపాను. వాళ్ళకి చేపల చెరువులున్నాయి. “ఒసేయ్, ఇది మా రూప్‌చందు! మేం పులుసు పెట్టుకుంటాం, మీరు అద్దాల మేడ కట్టారా?” అని ఒకటే నవ్వు.

అప్పట్నుంచి దీన్ని గురించి చదివాను. దీని అసలు పేరు పాకు. పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్, ఒరినోకో నదులు. శాస్త్రానికి దీన్ని పరిచయం చేసింది 1818లో క్యూవియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త. పిరానాకి చుట్టమే గానీ పళ్ళు చూస్తే తేడా తెలిసిపోతుంది. పిరానావి రంపం పళ్ళు. దీనివి మన దవడ పళ్ళలా చదునుగా ఉంటాయి. వరదలొచ్చి అడవి మునిగినప్పుడు చెట్లనుంచి రాలే కాయల్నీ గింజల్నీ కొరుక్కు తినడానికి ఏర్పడ్డ పళ్ళవి. అలాంటిదాన్ని ఇరుకు తొట్టిలో పెట్టి, చిటికెడు గుళికల మేత వేసి, ఎదురుగా జీరాడే తోకల్ని తిప్పితే ఏం చేస్తుంది? కొరుకుతుంది. అది పొగరు కాదు, ఆకలీ ఇరుకూ.

పేరు సంగతి మన శాఖవాళ్ళకి నచ్చుతుంది. బెంగాలీలో రూప్‌చాందా అంటే సముద్రపు చేప, మనం చందువ అనేది. చందువ, చాందా వినడానికి అక్కచెల్లెళ్ళలా లేవూ? పలకలాంటి ఒంటి పోలిక చూసి ఆ పేరే ఈ నదిచేపకీ తగిలించారు. తమిళంలోనూ ఇదే కథ. చందువని వాళ్ళు వవ్వాల్ అంటారు, అంటే గబ్బిలం. కాబట్టి ఇది ‘ఏరి వవ్వాల్’, చెరువు గబ్బిలం! అమెజాన్ చేప మన దగ్గర చంద్రుడూ అయింది, గబ్బిలమూ అయింది.

ఇక లెక్క చూడండి. ఈ చేప 88 సెంటీమీటర్ల దాకా, 25 కిలోల దాకా పెరగగలదు. మేత బాగుంటే చెరువులో ఏడాది తిరక్కుండానే కిలో తూగుతుంది. మా తొట్టి వెడల్పు 30 సెంటీమీటర్లు, పట్టే నీళ్ళు 85 లీటర్లు. అంటే కొన్నాళ్ళకి అది వెనక్కి తిరగడానికి కూడా చోటుండదు. ఇంత చేప వదిలే మలంతో, మొప్పల గుండా వచ్చే అమ్మోనియాతో అన్ని కాసిని నీళ్ళు ఊరికే విషమవుతాయి. అమ్మేటప్పుడు ఈ మాట ఎవరూ చెప్పరు.

మేం ముందు చేపల్ని వేరు చేశాం. గోల్డ్‌ఫిష్‌లకి రోజు మార్చి రోజు పావువంతు నీళ్ళు, క్లోరిన్ విరుగుడు మందు వేసినవి, మార్చాం. అయిదు లీటర్లకి ఒక చెంచా కల్లుప్పు. తోక మొదలు దెబ్బతినకపోతే రెక్క మళ్ళీ వస్తుందని చదివాను. మూడింటిలో రెండింటికి వచ్చింది.

రూప్‌చందుని ఏం చేయాలన్నదే తగువు. “పాలారులోనో చెరువులోనో వదిలేద్దాం, పుణ్యం” అన్నాడు నాయన. నేను ఒప్పుకోలేదు. పాలారు ఎప్పుడూ ఇసుకే కదా అనుకుంటాం గానీ 2021 నవంబరులో ఎలా పొంగిందో మనమే చూశాం. అలాంటి నీళ్ళొస్తే చెరువులో వదిలింది ఏటికి చేరుతుంది. 2018 కేరళ వరదల తర్వాత అక్కడి నదుల్లో పాకు లాంటి పరాయి చేపలు వలల్లో పడ్డాయి. మన పరకలూ జెల్లలూ ఉండే నీళ్ళలో దీన్ని వదలడం పుణ్యమెలా అవుతుంది? నాయనతో రెండు రోజులు మాటల్లేవు.

ఇప్పుడది పెరట్లో సిమెంటు తొట్టిలో ఉంది, పైన వల కట్టాం. పాలకూర, దోసకాయ ముక్కలు, పండిన అరటిపండు తింటోంది. తమ్ముడు పిరానా అనడం మానేశాడు గానీ ఇంట్లో ఎవరైనా పులుసు మాటెత్తితే ఏడుస్తాడు. పొంగలు సెలవుల్లో స్కేలు పెట్టి కొలిచాను. తొమ్మిదంగుళాలు. తొట్టి నాలుగడుగులు.