జీవో ఆఖరి పేజీ దాకా చదవండి

నా సర్వీసు దాదాపు అంతా గుంటూరు, ప్రకాశం జిల్లాల మండలాఫీసుల్లో బిల్లుల సీటు మీదే గడిచింది. సంఘం పనులూ కొన్ని నెత్తిన వేసుకున్నాను. రిటైరయ్యాక కూడా కొత్తగా చేరిన పిల్లలు, ముఖ్యంగా గ్రామ సచివాలయాల వాళ్లు, జీతం గొడవ వచ్చినా సెలవు గొడవ వచ్చినా "బాబాయ్, ఇప్పుడేం చేయాలి" అని ఫోన్ చేస్తుంటారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

1. శాతం దగ్గరే ఆగిపోకండి

2022 జనవరి 7న ప్రభుత్వం దాదాపు 23 శాతం ఫిట్‌మెంట్ ప్రకటించింది. అప్పటికి 2019 జూలై నుంచి 27 శాతం మధ్యంతర భృతి (ఐఆర్) తీసుకుంటున్నాం. అశుతోష్ మిశ్రా వేతన సవరణ కమిషన్ (పీఆర్సీ) చెప్పింది కూడా 27 శాతమే. ఐఆర్ కన్నా ఫిట్‌మెంట్ తగ్గడమేమిటని అందరం భగ్గుమన్నాం. ఆ కోపం న్యాయమే. కానీ ఆ నాలుగు శాతం మీద కేకలేస్తున్నంతసేపూ అసలు దెబ్బ ఎక్కడ పడబోతోందో చాలామందికి తెలియలేదు. జనవరి 17న జీవోలు వచ్చాక ఇంటద్దె పట్టిక చూస్తే తెలిసింది.

లెక్క వేసి చూపిస్తాను. చిలకలూరిపేట, నరసరావుపేట లాంటి ఊళ్లలో పాత ఇంటద్దె అలవెన్సు 14.5 శాతం. పాత బేసిక్ 30,000 అనుకోండి, అద్దె కింద 4,350 వచ్చేది. కొత్త పీఆర్సీలో ఆ బేసిక్‌కు 30.392 శాతం డీఏ, 23 శాతం ఫిట్‌మెంట్ కలిపితే బేసిక్ 46,018. స్కేలులో పై మెట్టుకు సర్దుతారనుకోండి, ఆ తేడా వదిలేద్దాం. జనవరి జీవోలో ఆ ఊళ్లకు అద్దె 8 శాతం. అంటే 3,681. బేసిక్ సగానికి పైగా పెరిగి, అద్దె మాత్రం తగ్గింది! ఇది కాక నగర పరిహార భృతి (సీసీఏ) ఎత్తేశారు, ఇచ్చిన ఐఆర్‌లో కొంత వెనక్కి పట్టుకుంటామన్నారు.

ఫిబ్రవరి 3న ఉద్యోగ సంఘాల చలో విజయవాడ. పోలీసులు ఎక్కడికక్కడ బస్సులు ఆపితే మనవాళ్లు రైతుల్లా, పెళ్లివారిలా వేషాలు కట్టి బీఆర్‌టీఎస్ రోడ్డుకు చేరారు. ఆఫీసులో నోరెత్తని గుమాస్తాల్లో ఇంత నాటకం దాగుందని ఆ రోజే అందరికీ తెలిసింది. 5వ తేదీ ఒప్పందంలో ఫిట్‌మెంట్ 23 దగ్గరే ఉండిపోయింది. పైన చెప్పిన ఊళ్లకు అద్దె 12 శాతానికి వచ్చింది, అంటే 5,522. సీసీఏ తిరిగొచ్చింది. రికవరీ మానేశారు. పీఆర్సీ పదేళ్లకు కాక అయిదేళ్లకే అన్నారు. ఏ శాతం కోసం రోడ్డెక్కామో అది కదల్లేదు, కదిలినవన్నీ పట్టికల్లోవే. ఇది ఓటమి అని ఉపాధ్యాయ సంఘాలు చర్చల కమిటీ నుంచి బయటికొచ్చాయి. నా దృష్టిలో అది సగం గెలుపు. ఆ సగమైనా వచ్చింది జీవో అనుబంధం పేజీలు తిరగేసి లెక్కలు కట్టిన నలుగురి వల్ల.

2. సెలవు అమ్మే ముందు ట్రెజరీ సంగతి కనుక్కోండి

ఏడాదికి 30 ఆర్జిత సెలవులు వస్తాయి. జనవరి 1న పదిహేను, జూలై 1న పదిహేను ముందుగానే జమ. ఏడాదిలో పదిహేను రోజులు సరెండర్ చేసి డబ్బు తీసుకోవచ్చు. పిల్లల ఫీజులకో, కౌలు కట్టడానికో ఆ డబ్బే మనవాళ్లకు ఆసరా.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, మంజూరు ఉత్తర్వు పడగానే లీవ్ అకౌంటులో రోజులు కోసేస్తారు. బిల్లు మాత్రం ప్రభుత్వ చెల్లింపుల వ్యవస్థ సీఎఫ్ఎంఎస్‌లో పెండింగ్ అని కూర్చుంటుంది. నెలలు, ఒక్కోసారి ఏళ్లు. యార్డులో తూకం అయిపోయి బస్తాలు లారీ ఎక్కాక, డబ్బు వచ్చే సీజనుకు అని షావుకారు చెబితే రైతు ఏం చేస్తాడు? మనదీ అదే పరిస్థితి. అవసరం లేకపోతే ఆ రోజులు అమ్మకండి. అమ్మితే బిల్లు నంబరు రాసిపెట్టుకోండి. సంఘం సమావేశాల్లో "బకాయిలు చెల్లించాలి" అని గాల్లో తీర్మానం చేసేకంటే బిల్లు నంబర్లతో జాబితా ఇవ్వండి. జాబితా చేతికిస్తే అధికారి ఏదో ఒక జవాబు చెప్పక తప్పదు.

3. ఎస్సార్ చూసుకోండి

సర్వీసు రిజిస్టరు (ఎస్సార్) ఏడాదికోసారి ఉద్యోగికి చూపించి సంతకం తీసుకోవాలన్నది రూలు. ఎవరూ అడగరు, కాబట్టి ఎవరూ చూపించరు.

సర్వీసులో ఉండగా పోయిన ఒక ఉద్యోగి భార్య సెలవు జీతం కోసం ఒక ఆఫీసు చుట్టూ తిరిగింది. రూలు ప్రకారం నిల్వ ఉన్న ఆర్జిత సెలవుకు, 300 రోజులు మించకుండా, కుటుంబానికి డబ్బు రావాలి. రిజిస్టరు నేనూ చూశాను. లీవ్ అకౌంటు పేజీ అంచులు చెద తిన్నాయి. జమ గడిలో పదిహేను, పదిహేను అని వరుసగా రాసుంది, సంతకం గడి ఖాళీ. ఆ కాలంలో పనిచేసిన అధికారులంతా బదిలీ అయిపోయారు. సెలవు తీసుకోకుండా పనిచేసిన మనిషి సెలవు లెక్క తేలక ఆమె ఫైలు టేబుల్ నుంచి టేబుల్‌కు మారింది. ఇందులో ప్రభుత్వ విధానం, పీఆర్సీ, ఏమీ లేవు. ఒక్క సంతకం లేదు, అంతే.

4. పదవీ విరమణ వయసు

60 నుంచి 62కి పెంచినప్పుడు మిఠాయిలు పంచిన వాళ్లున్నారు. రెండేళ్ల జీతం లాభమే, కాదనను. గ్రాట్యుటీ, 300 రోజుల సెలవు జీతం రెండేళ్లు వెనక్కి పోవడం ఖజానాకు ఊరట. ఉద్యోగం కోసం చూసే మన పిల్లలకు ఖాళీలూ వెనక్కి పోయాయి. ఏ వరమైనా ఎవరి ఖాతాలోంచి వచ్చిందో చూడాలి.

5. రైతు ఎదుట మన గోడు

23, 27 అని మనం కొట్టుకుంటున్న ఆ చలికాలంలోనే మిరప చేలను నల్ల తామర పురుగు మింగేసింది. పల్నాడు నుంచి ప్రకాశం దాకా, ఎకరానికి లక్షలు పెట్టుబడి పెట్టిన తోటల్లో పూత రాలిపోయి, ముడుచుకుపోయిన చెట్లను కొందరు ట్రాక్టర్లతో దున్నేశారు. అలాంటి రైతు నష్టపరిహారం జాబితాలో పేరుందా అని ఆఫీసుకొస్తే, గేటు దగ్గర నల్లబ్యాడ్జీలతో మనం. "మీకు ఒకటో తారీఖు జీతం ఆగదు గదయ్యా" అని ఒక పెద్దాయన అన్నాడు. మాలో కుర్రాళ్లకు రోషం వచ్చింది. రోషం దేనికి? ఆయనన్నది నిజం.

ఆందోళన చేయండి. పంట నష్టం, పింఛను, ధ్రువపత్రాల సీట్లు మాత్రం నడిపించండి. ఊరు మన వెనక లేకపోతే ఏ ప్రభుత్వమూ మనల్ని లెక్కచేయదు.

6. సమ్మె రోజులు ఏ ఖాతాలో?

సమ్మె ప్రభుత్వోద్యోగి హక్కు కాదని సుప్రీంకోర్టు 2003లో తమిళనాడు కేసులో చెప్పేసింది. పని లేకపోతే జీతం లేదు. కాబట్టి ఒప్పందం మీద సంతకం పెట్టేముందు సమ్మె కాలాన్ని ఏం చేస్తారో రాయించుకోవాలి. తెలంగాణలో 2011 సకల జనుల సమ్మె 42 రోజులనూ తర్వాత ప్రత్యేక సెలవుగా పరిగణించారు. అలా అన్నిసార్లూ జరగదు.

ఆ 42 అంకె చెబితే నాకు ఇంకో సమ్మె గుర్తొస్తుంది. 2023 డిసెంబరు 12 నుంచి అంగన్‌వాడీ అమ్మాయిలు అన్నే రోజులు కూర్చున్నారు. అప్పట్లో నెలకు కార్యకర్తకు 11,500, ఆయాకు 7,000. మధ్యలో వాళ్ల మీద అత్యవసర సేవల చట్టం (ఎస్మా) పెట్టారు. అత్యవసర సేవ అనడానికి వాళ్ల పని పనికొచ్చింది, మనతో సమానంగా చూడటానికి పనికి రాలేదు. మనం 300 రోజుల నిల్వ గురించి వాదిస్తుంటే వాళ్లకు, పర్మినెంటు కాని మున్సిపల్ కార్మికులకు, మన పక్క సీటులోని ఔట్‌సోర్సింగ్ పిల్లలకు మన సెలవు రూల్సే వర్తించవు.

ఈసారి మీ తాలూకా శాఖ డిమాండ్ల పత్రం రాసేటప్పుడు వాళ్ల జీతం, సెలవు మొదటి పేజీలో పెట్టండి. మన సరెండర్ బకాయిలు రెండో పేజీలో రాసినా నష్టం లేదు.