ఫుట్‌బాల్ మ్యాచ్ కార్బన్ లెక్క: పెద్ద భారం అభిమాని ప్రయాణంలోనే

రాత్రిపూట జరిగే ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తుంటే, మైదానాన్ని పట్టపగలుగా మార్చే ఫ్లడ్‌లైట్లే కరెంటునంతా మింగేస్తున్నాయని అనిపిస్తుంది. పర్యావరణం కోసం ఏదైనా చేస్తున్నామని క్లబ్బులు ప్రకటించినప్పుడు కూడా ముందుగా కనిపించేవి పైకప్పు మీది సోలార్ ప్యానెళ్లు, ఎల్‌ఈడీ దీపాలే. అవి అవసరమే. అయితే ఒక మ్యాచ్ వల్ల గాలిలో చేరే గ్రీన్‌హౌస్ వాయువులన్నింటినీ కూడి చూస్తే, పెద్ద అంకె సాధారణంగా స్టేడియం గోడలకు బయటే దొరుకుతుంది. అది అభిమానులు వచ్చి వెళ్లే దారిలో ఉంటుంది.

కాగితం మీద ఒక మ్యాచ్

ఈ విషయం అర్థం కావడానికి ఒక ఊహా లెక్క వేద్దాం. పదివేల మంది ప్రేక్షకులున్న స్టేడియంలో 2 కిలోవాట్ల పాతరకం దీపాలు వంద ఉన్నాయనుకుందాం. అవి మూడు గంటలు వెలిగితే 600 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. మన దేశంలో బొగ్గు వాటా ఎక్కువ కాబట్టి ఒక యూనిట్ విద్యుత్తుకు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అంటే దీపాల వాటా 420 కిలోలు.

ఇప్పుడు ప్రయాణం సంగతి చూద్దాం. ఒక లీటరు పెట్రోలు బరువు దాదాపు 740 గ్రాములు. అందులో కార్బన్ సుమారు 640 గ్రాములు. మండేటప్పుడు ప్రతి 12 గ్రాముల కార్బన్ గాలిలోని 32 గ్రాముల ఆక్సిజన్‌తో కలిసి 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. అందుకే ముప్పావు కిలో కూడా తూగని పెట్రోలు నుంచి 2.3 కిలోల వాయువు పుడుతుంది. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారైతే కిలోమీటరుకు దాదాపు 155 గ్రాములు.

మన పదివేల మందీ కారుకు ఇద్దరు చొప్పున, రానూపోనూ 50 కిలోమీటర్లు ప్రయాణించారనుకుందాం. 5,000 కార్లు కలిసి రెండున్నర లక్షల కిలోమీటర్లు తిరుగుతాయి. వెలువడే కార్బన్ డయాక్సైడ్ దాదాపు 39 టన్నులు, అంటే దీపాల వాటాకు 90 రెట్లకు పైనే. అదే కారుకు నలుగురు చొప్పున వస్తే ఈ భారం సగానికి పడిపోతుంది. దానికి ఒక్క సోలార్ ప్యానెల్ కూడా బిగించనక్కర్లేదు.

మూడు ఖాతాలు

సంస్థల ఉద్గారాలను లెక్కించే అంతర్జాతీయ పద్ధతిలో మూడు ఖాతాలు ఉంటాయి. వీటిని స్కోప్-1, 2, 3 అంటారు. క్లబ్ స్వయంగా కాల్చే ఇంధనం మొదటి ఖాతాలోకి వస్తుంది. గడ్డి కోసే యంత్రంలో పోసే డీజిల్ అందుకు ఉదాహరణ. కొనుక్కునే కరెంటు రెండోది. మిగిలినవన్నీ మూడో ఖాతాకు చెందుతాయి: అభిమానుల రాకపోకలు, జట్టు విమాన ప్రయాణాలు, జెర్సీల తయారీ, స్టాళ్లలో అమ్మే తిండి.

మొదటి రెండు ఖాతాలు క్లబ్ చేతిలోనే ఉంటాయి కాబట్టి వాటిని తగ్గించడం సులువు. మూడోది పెద్దది, పైగా క్లబ్ అదుపులో ఉండేది తక్కువ. అందుకే ఏదైనా క్లబ్ 'మా ఉద్గారాలు ఇంత తగ్గాయి' అన్నప్పుడు, ఆ లెక్కలో అభిమానుల ప్రయాణం ఉందా లేదా అన్నదే అడగాల్సిన మొదటి ప్రశ్న.

కొండ మీది క్లబ్

ఇంగ్లండ్‌లోని నెయిల్స్‌వర్త్ అనే చిన్న పట్టణంలో 1889లో పుట్టిన క్లబ్ ఫారెస్ట్ గ్రీన్ రోవర్స్. పునరుత్పాదక విద్యుత్ సంస్థ ఎకోట్రిసిటీని నెలకొల్పిన డేల్ విన్స్ 2010లో దీని పగ్గాలు చేపట్టారు. స్టేడియం మీద సోలార్ ప్యానెళ్లు వచ్చాయి. పురుగుమందులు, రసాయన ఎరువులు లేకుండానే మైదానంలో గడ్డి పెంచుతున్నారు. 2015 నాటికి ఆటగాళ్లకూ అభిమానులకూ వడ్డించేది పూర్తిగా శాకాహారమే అయింది. అందులో పాలు, గుడ్లు కూడా ఉండవు. 2018లో ఐక్యరాజ్యసమితి వాతావరణ విభాగం దీన్ని కార్బన్ న్యూట్రల్ క్లబ్‌గా గుర్తించింది.

తిండి మార్పు వెనకా సైన్సు ఉంది. ఆవులు, గేదెలు నెమరువేసే క్రమంలో వాటి కడుపులోని సూక్ష్మజీవులు మీథేన్‌ను తయారు చేస్తాయి. వాటి మేతకు చాలా భూమి కావాలి, దానికోసం అడవులు కూడా తరిగిపోతాయి. అందువల్ల ఒక కిలో గొడ్డుమాంసం వెనక పదుల కిలోల గ్రీన్‌హౌస్ వాయువులుంటే, కిలో బఠాణీల వెనక ఉండేది ఒక కిలో అటూఇటూ మాత్రమే.

ఇంత చేసిన ఈ క్లబ్‌కూ ఒక చిక్కు ఉంది. స్టేడియం కొండ మీద ఉంది. ఊళ్లో రైల్వే స్టేషన్ లేదు. రైల్లో వచ్చేవారు స్ట్రౌడ్‌లో దిగి, అక్కడి నుంచి రోడ్డు మీదే రావాలి. పైకప్పు మీద ఎన్ని ప్యానెళ్లు పరిచినా తీరని సమస్య ఇది.

పగటి ఎండ, రాత్రి ఆట

సౌర విద్యుత్తుకు మరో ఇబ్బంది ఉంది. ఎండ మధ్యాహ్నం కాస్తుంది, మ్యాచ్ ఎక్కువగా రాత్రి జరుగుతుంది. దీనికి ఆమ్‌స్టర్‌డామ్‌లోని యోహాన్ క్రైఫ్ అరెనా 2018లో ఒక దారి చూపింది. అక్కడ పైకప్పు మీద సుమారు 4,200 ప్యానెళ్లున్నాయి. వాటికి తోడుగా 148 నిస్సాన్ లీఫ్ విద్యుత్ కార్లకు సరిపోయేన్ని బ్యాటరీలతో ఒక నిల్వ కేంద్రం ఏర్పాటైంది. కార్లలో వాడేసిన బ్యాటరీలకు కూడా ఇందులో చోటు దొరికింది. దీని సామర్థ్యం 2,800 యూనిట్లు. కారును నడపడానికి చాలనంత బలహీనపడిన బ్యాటరీ, కదలకుండా ఒకచోట ఉండి కరెంటు దాచుకోవడానికి ఇంకా కొన్నేళ్లు పనికొస్తుంది. మ్యాచ్ లేని రోజుల్లో ఇది నగర గ్రిడ్‌లో హెచ్చుతగ్గులను సర్దగలదు.

టికెట్‌తోనే బస్సు, రైలు

మూడో ఖాతాను తాకిన ప్రయత్నాల్లో జర్మనీది గమనించదగ్గది. అక్కడ చాలా క్లబ్బుల మ్యాచ్ టికెట్టే ఆ రోజుకు స్థానిక బస్సు, రైలు టికెట్‌గా చెల్లుతుంది. 2024 యూరో కప్‌లో దీన్ని ఇంకా విస్తరించారు. మ్యాచ్ టికెట్ ఉన్నవారికి 36 గంటల స్థానిక రవాణా పాస్, దూర ప్రాంత రైళ్లలో తగ్గింపు ధరలు ఇచ్చారు. అభిమానికి ఉపన్యాసం ఇవ్వడం కన్నా ఇది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అప్పటికే డబ్బు కట్టేసిన రైలును వదిలి పెట్రోలు పోయించుకోవాలని ఎవరికీ అనిపించదు.

జట్లకూ ఇదే వర్తిస్తుంది. 2022 సెప్టెంబరులో పారిస్ సెయింట్ జర్మేన్ జట్టు నాంత్ నగరానికి విమానంలో వెళ్లడం ఫ్రాన్స్‌లో పెద్ద దుమారం రేపింది. పారిస్ నుంచి అక్కడికి హైస్పీడ్ రైలులో పట్టేది రెండు గంటలకు కాస్త అటూఇటూ మాత్రమే.

అభిమానుల వైపు నుంచీ కదలిక ఉంది. బ్రిటన్‌లోని ప్లెడ్జ్‌బాల్ అనే స్వచ్ఛంద సంస్థ, తమ జట్టు తరఫున చిన్న చిన్న మార్పులు చేస్తామని మాట ఇచ్చేలా అభిమానులను ప్రోత్సహిస్తుంది. ఏ జట్టు వారు ఎంత కార్బన్ ఆదా చేస్తామన్నారో పట్టికగా చూపుతుంది. జట్ల మధ్య పోటీతత్వాన్నే ఇలా మంచి పనికి వాడుకుంటున్నారు. బ్రెంట్‌ఫర్డ్ క్లబ్ తన హోమ్ జెర్సీని 2021-22, 2022-23 రెండు సీజన్లకూ మార్చకుండా ఉంచింది. కొత్త జెర్సీ కొనే ఖర్చు అభిమానికి, దాన్ని తయారు చేసే భారం భూమికి తప్పాయి.

'న్యూట్రల్' అనే మాట

2022 ఖతార్ ప్రపంచ కప్ వల్ల సుమారు 36 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారాలు వెలువడతాయని ఫిఫా ముందే అంచనా వేసింది. అందులో సగానికి పైగా ప్రయాణాలదే. అయినా అది కార్బన్ న్యూట్రల్ పోటీ అని ప్రచారం చేసింది. ఎక్కడో ఉద్గారాలను తగ్గించే పనులకు డబ్బిచ్చి, ఆ తగ్గుదలను తన ఖాతాలో వేసుకునే పద్ధతి ఇది. ఆ ప్రకటనలకు తగిన ఆధారాలు లేవని, అవి తప్పుదారి పట్టించేవని స్విట్జర్లాండ్‌లోని స్విస్ ఫెయిర్‌నెస్ కమిషన్ 2023 జూన్‌లో తేల్చింది.

భౌతికశాస్త్రం ప్రకారం చూసినా ఇక్కడ జాగ్రత్త అవసరం. విమానం వదిలిన కార్బన్ డయాక్సైడ్‌లో కొంత భాగం వందల ఏళ్లు వాతావరణంలోనే ఉంటుంది. ఈ రోజు నాటిన మొక్క దాన్ని పీల్చుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. మధ్యలో ఆ చెట్టు ఎండిపోయినా, కాలిపోయినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

మన స్టేడియాల దారి

మన దేశంలో ఈ విషయంలో కొంత పునాది ఇప్పటికే ఉంది. కొచ్చిలో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి, కోల్‌కతాలో సాల్ట్ లేక్ స్టేడియానికి వాటి పేరుతోనే మెట్రో స్టేషన్లున్నాయి. క్రికెట్ వైపు చూస్తే, హైదరాబాద్ ఉప్పల్‌లోనూ 'స్టేడియం' పేరుతో మెట్రో స్టేషన్ ఉంది. బెంగళూరు చిన్నస్వామి స్టేడియం 2015లోనే 400 కిలోవాట్ల సౌర విద్యుత్ ఏర్పాటు చేసుకుంది. పట్టాలు స్టేడియం గుమ్మం దాకా వచ్చిన చోట, మ్యాచ్ టికెట్‌లోనే మెట్రో ఛార్జీని కలపడం, ఆట ముగిశాక చివరి రైలును కాస్త ఆలస్యంగా నడపడం పెద్ద ఖర్చు లేని పనులు.

ఇందులో ఆటకూ స్వార్థం ఉంది. 2015 డిసెంబరులో డెస్మండ్ తుపాను ఇంగ్లండ్‌లోని కార్లైల్ పట్టణాన్ని ముంచినప్పుడు, అక్కడి క్లబ్ మైదానం బ్రంటన్ పార్క్ నీట మునిగింది. కొన్ని వారాల పాటు ఆ జట్టు 'సొంత గడ్డ' మ్యాచ్‌లను వేరే ఊళ్లలో ఆడాల్సి వచ్చింది. వేడెక్కిన గాలి ప్రతి డిగ్రీకి సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. కాబట్టి అలాంటి కుండపోతలు ఇకముందు మరింత తీవ్రమవుతాయి. పెద్ద క్లబ్బులు మైదానాన్ని బాగు చేయించుకోగలవు. ఊరి చివర చెరువు పక్కన ఆడుకునే పిల్లల జట్టుకు ఆ స్తోమత ఉండదు.