స్థానిక స్వపరిపాలనము: చీరాల నేర్పిన పాఠము

విద్యార్థులారా! మీరు ప్రతిదినము నడచు వీధి, త్రాగు నీరు, రాత్రి వెలుగు వీధిదీపము, వాన కురిసినపుడు పొంగు మురుగుకాలువ, ఇవి యన్నియు పురపాలక సంఘముయొక్క బాధ్యతలు. శాసనసభలను గూర్చియు పార్లమెంటును గూర్చియు మనము విశేషముగా ముచ్చటించుకొందుము గాని, మన గుమ్మమునకు అతి సమీపముననున్న ప్రభుత్వమును మరచిపోవుదుము. కావున ఈ సంఘమెట్లు పెరిగినదో, దానికి ప్రాణమేదో యిచ్చట సంగ్రహముగా వివరించెదను.

పూర్వ చరిత్ర

గుంటూరు పురపాలక సంఘము 1866లో ఏర్పడినది. ఆ కాలమున సభ్యులను ప్రభుత్వమే నియమించెడిది. 1882లో రిప్పను ప్రభువు చేసిన తీర్మానము స్థానిక వ్యవహారములను ప్రజలచే ఎన్నుకొనబడిన వారికి అప్పగింపవలెనని బోధించెను. ఎన్నికలు క్రమముగా వచ్చినవి గాని, వోటుహక్కు పన్ను చెల్లించు కొద్దిమందికే పరిమితమై యుండెను.

చీరాల పేరాల ఉద్యమము

1919లో చీరాల, పేరాల గ్రామములను కలిపి ప్రభుత్వమువారు మ్యునిసిపాలిటీగా చేసిరి. ప్రజలలో అనేకులు నేతపనివారు, బీదలు. ఏటికి సుమారు 4,000 రూపాయలుగా నున్న పన్నులు 40,000 వరకు పెరిగినవి. "మాకు మ్యునిసిపాలిటీ వలదు" అని ప్రజలు మొరపెట్టుకొన్నను ప్రయోజనము లేకపోయెను. అప్పుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు వారికి నాయకులైరి. 1921 ఏప్రిల్ నెలలో మహాత్మాగాంధీగారు చీరాలకు వచ్చి రెండు మార్గములు చూపిరి: పన్ను చెల్లింపక శిక్ష ననుభవించుట యొకటి, మ్యునిసిపాలిటీ హద్దులు దాటి వెడలిపోవుట మరియొకటి. ప్రజలు రెండవదానిని గ్రహించిరి. ఊరి జనులలో అధిక సంఖ్యాకులు ఇండ్లు విడచి, ఊరి వెలుపల పాకలు వేసికొని, దానికి రామనగరమని పేరిడి, సుమారు పదునొకండు నెలలు ఎండకు వానకు ఓర్చి నివసించిరి. గోపాలకృష్ణయ్యగారు చెరసాల పాలైరి. తుదకు ప్రజలు తిరిగి యిండ్లకు రాక తప్పలేదు; మ్యునిసిపాలిటీ రద్దు కాలేదు.

ఈ త్యాగము వ్యర్థమా? కాదు. వీథులు, దీపములు ఎవరికిని చేదు కావు. ప్రజల యంగీకారము లేక, వారి శక్తిని విచారింపక విధించిన సంఘము మాత్రము, పేరునకు స్వపరిపాలనమైనను, వారికి పరపాలనముగనే తోచును. చీరాల నేర్పిన పాఠమిదియే.

నేటి నిర్మాణము

స్వతంత్ర భారతమున ఈ లోపమును సవరించుటకు 74వ రాజ్యాంగ సవరణము చేయబడి, 1993 జూన్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దాని ముఖ్యాంశములివి:

1. సంఘముయొక్క కాలపరిమితి అయిదేండ్లు. అది ముగియక మునుపే ఎన్నికలు జరుగవలెను.
2. ఎన్నికలు నడపుటకు ప్రతి రాష్ట్రమునను స్వతంత్రమైన ఎన్నికల సంఘము ఉండవలెను.
3. షెడ్యూల్డు కులములకు, తెగలకు జనసంఖ్యననుసరించియు, స్త్రీలకు మూడవవంతునకు తక్కువ కాకుండను స్థానములు కేటాయింపవలెను.

పదునెనిమిది సంవత్సరములు నిండిన ప్రతి పౌరునికిని, ధనిక దరిద్ర భేదము లేక, వోటు కలదు. పట్టణము వార్డులుగా విభజింపబడును. వార్డునకొక సభ్యుడు ఎన్నికగును.

అధ్యక్షుని ఎవరు ఎన్నుకొనవలెను? మన రాష్ట్రమున 1995లో పురజనులే నేరుగా ఎన్నుకొనిరి. పిదప సభ్యులే ఎన్నుకొను పద్ధతి వచ్చినది. మొదటి పద్ధతిలో అధ్యక్షునికి ప్రజాబలముండును గాని, సభ్యులు వేరొక పక్షమువారైనచో పనులు స్తంభించును. రెండవదానిలో పొందిక యుండును గాని, సభ్యులను ప్రలోభపెట్టుటకు తావు కలుగును. రెండింటను గుణదోషములు కలవు.

అయితే ఇంతకంటె పెద్దలోపము మరియొకటి కలదు. 1994లో నగరపాలక సంస్థగా మారిన గుంటూరులో, 2005లో ఎన్నికైన పాలకవర్గము గడువు 2010లో ముగిసినది. మరల ఎన్నికలు జరిగినది 2021 మార్చి 10వ తేదీననే. నడుమ పదియేండ్లకు పైగా ప్రత్యేకాధికారులు పాలించిరి. అధికారి ఎంత సమర్థుడైనను, పన్ను హెచ్చినపుడో, కుళాయి నీరు రానపుడో గృహస్థుడు ఏ ప్రతినిధి తలుపు తట్టవలెను? నాడు చీరాలవారికి అంగీకారము అడుగబడలేదు. నేడు చట్టము అడుగుమన్నను సకాలమున అడుగబడలేదు. చేనికి కంచె వేసినంతమాత్రమున చాలదు, కాపు కాయవలెను.

మన కర్తవ్యము

తల్లిదండ్రులారా! వార్డు సభ్యుడు మన కులమువాడా, మన పక్షమువాడా యని కాక, పనివాడా, లెక్క చెప్పువాడా యని విచారింపుడు. గడువు తీరినను ఎన్నికలు రానియెడల నోరు విప్పి యడుగుడు. విద్యార్థులారా! మీ వార్డు సంఖ్య యెంత? మీ సభ్యుడెవరు? మీ యింటి పన్ను యెంత? ఈ మూడింటిని నేడే తెలిసికొనుడు. పదునెనిమిదవ యేట వోటు చేతికి వచ్చును గాని, పౌరధర్మము నేర్చుకొనవలసినది నేడే.