గోడ కూలిన రోజే కాగితం పని మొదలుపెట్టండి

మా వీధిలో కాలువ తవ్వుతుంటే జేసీబీ బకెట్ తగిలి మా ప్రహరీ పన్నెండు అడుగుల మేర పడిపోయింది. "రేపు మేస్త్రీని పంపి కట్టించేస్తాం సార్" అన్నాడు అక్కడున్న సూపర్‌వైజర్. ఆ మాట నమ్మి, పిల్లలు తిరిగే దారి కదా అని ఆ సాయంత్రమే ఇటుక ముక్కలన్నీ ఎత్తించేశాను. మేస్త్రీ రాలేదు. వారం తర్వాత ఆ పని చేయిస్తున్న ప్రభుత్వ ఆఫీసుకు వెళ్తే, "మా పని వల్లే పడిందనడానికి రుజువేది?" అని అడిగారు. నా దగ్గర ఒక్క ఫొటో కూడా లేదు. చివరికి గోడ నా డబ్బుతోనే కట్టుకున్నాను. ఆ తప్పు మీరు చేయకూడదనే ఇది రాస్తున్నాను.

సర్కారును నష్టపరిహారం అడగలేమని చాలామంది ముందే వదిలేసుకుంటారు. అది నిజం కాదు. 1975లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఒక వ్యాపార సంస్థ దగ్గర ఎరువులు, ధాన్యం అధికారులు స్వాధీనం చేసుకున్నారు. తర్వాత చాలావరకు సరుకు తిరిగి ఇచ్చేయమని ఉత్తర్వు వచ్చింది. అప్పటికే అది పాడైపోయింది. దావా వేస్తే, సార్వభౌమాధికారంతో చేసిన పనికి పరిహారం ఉండదని ప్రభుత్వం వాదించింది. 1994లో సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. ఉద్యోగుల నిర్లక్ష్యానికి ప్రభుత్వమే బాధ్యత వహించాలని చెప్పింది. అదే ఎన్. నాగేంద్రరావు అండ్ కో కేసు. హక్కు ఉంది. అయితే దాన్ని నిలబెట్టేది మీ చేతిలోని కాగితమే.

మొదటి రోజు

శిథిలాలు కదపకముందే ఫొటోలు, వీడియో తీయండి. జేసీబీ, దాని నంబరు, పని బోర్డు, పక్కిల్లు ఒకే ఫ్రేములో పడేలా చూడండి. పగులు పక్కన టేపు పెట్టి మరో ఫొటో తీయండి. చూసినవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకోండి. దారికి అడ్డమై తప్పనిసరిగా ఎత్తాల్సి వస్తే, ఇద్దరు పెద్దమనుషుల సంతకాలతో చిన్న పంచనామా రాయించాకే ఎత్తండి.

మొదటి వారం

లైసెన్సున్న ఇంజనీరుతో అంచనా వేయించండి. ప్రభుత్వ ప్రామాణిక రేట్ల పట్టిక (ఎస్ఎస్ఆర్) ప్రకారం ఇటుక, సిమెంటు, కూలి విడివిడిగా చూపిస్తే ఆఫీసులో తేలిగ్గా కొట్టిపారేయలేరు. మొత్తాన్ని పెంచి రాయకండి. ఒక్క అంకె అబద్ధమని తేలితే మిగతావీ నమ్మరు.

అర్జీ రెండు కాపీలు రాయండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీ, ముద్ర, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. సోమవారం తెలంగాణలో ప్రజావాణిలో, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఇవ్వొచ్చు.

"అది కాంట్రాక్టరు చేసింది, మాకు సంబంధం లేదు" అంటారు. అప్పుడు పది రూపాయలకు మించని ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. వర్క్ ఆర్డర్, కాంట్రాక్టరుతో చేసుకున్న ఒప్పందం, ఆ రోజుల కొలతల పుస్తకం (ఎం బుక్) పేజీలు అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. నష్టం ఎవరు భరించాలో సాధారణంగా ఆ ఒప్పందంలోనే రాసి ఉంటుంది.

గడువులు మరవకండి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. చట్టం ఇచ్చిన అధికారంతో చేస్తున్నామంటూ చేసిన పని వల్ల నష్టం జరిగితే, లిమిటేషన్ చట్టంలోని 72వ ఆర్టికల్ కింద దావాకు ఒక్క ఏడాదే గడువు. మున్సిపల్ చట్టాల్లో అంతకన్నా తక్కువే ఉండొచ్చు. అర్జీ పెట్టాం కదా అని కూర్చుంటే గడువు ఆగదు.

రాష్ట్ర ప్రభుత్వ శాఖ మీద దావా వేయాలంటే ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలి. దాన్ని ఆ శాఖ కార్యదర్శికైనా, జిల్లా కలెక్టరుకైనా ఇవ్వొచ్చు. ఈ రెండు నెలలు మాత్రం గడువు లెక్కలోంచి మినహాయిస్తారు. అయినా నష్టం జరిగిన మూడో నెలలోనే లాయరును కలవండి.

లాయరు ఖర్చుకు భయపడి ఆగిపోకండి. 15100కి ఫోన్ చేస్తే న్యాయసేవాధికార సంస్థ దారి చూపిస్తుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు న్యాయ సహాయం ఉచితం. నీళ్లు, కరెంటు, పారిశుద్ధ్యం లాంటి ప్రజోపయోగ సేవల వివాదాలైతే, కోర్టుకెక్కే ముందు శాశ్వత లోక్ అదాలత్‌కు వెళ్లొచ్చు. అక్కడ కోర్టు ఫీజు ఉండదు.

డబ్బు చేతికొచ్చినప్పుడు

కొంత ఇచ్చి "పూర్తి పరిహారం ముట్టింది" అన్న కాగితం మీద సంతకం పెట్టమంటారు. అలాగే పెట్టకండి. "అభ్యంతరంతో, మిగతా మొత్తంపై హక్కు ఉంచుకుని తీసుకుంటున్నాను" అని మీ చేత్తో రాసి, ఆ తర్వాతే సంతకం చేయండి.

మీ వీధిలో తవ్వకానికి సున్నంతో గీతలు పడ్డ రోజే, గోడ నిటారుగా నిలబడి ఉన్నప్పుడే, దాన్ని నాలుగు వైపుల నుంచీ ఫొటో తీసి పెట్టుకోండి. గోడ ముందే పగిలి ఉందని రేపు ఎవరైనా అంటే, జవాబు మీ ఫోన్‌లోనే ఉంటుంది. ఆ రోజు నేను ఆ ఒక్క ఫొటో తీసుకుని ఉంటే, మా గోడ వాళ్లే కట్టించి ఉండేవారేమో.