వస: పేరు, పెంపకము

ఖిదిర్‌పూర్‌లో తెలుగువారు ‘వస’ యనుదానినే పొరుగున బెంగాలీలు ‘బచ్’ అందురు. రెండును సంస్కృత ‘వచా’ శబ్దభవములే. సమీపమున, హుగ్లీ ఆవలియొడ్డున, 1787లో ఏర్పడిన వృక్షోద్యానమునకు 1793లో సామర్లకోటనుండి వెళ్లిన రాక్స్‌బరో తన గ్రంథములందు మొక్కల తెలుగు పేర్లను పదిలపరచెను.

వస చిత్తడినేల బహువార్షికము. పెరటిలో అడుగున రంధ్రములేని తొట్టిని బంకమన్నుతో నింపి, మొలకకన్నుగల కొమ్ముముక్కను పైపైన అడ్డముగా నాటి, మన్ను ఎన్నడును ఆరకుండ నీరు నిలుపవలెను. దుంప ప్రాకుచు విస్తరించును.

వసకొమ్ము నాకించిన బిడ్డకు మాటలు వచ్చునను నమ్మికయే ‘వసపిట్ట’ యను పలుకుబడికి ఆధారము. కాని దీని నూనె ఎలుకలలో క్యాన్సరు కలిగించినట్లు తేలగా, 1968లో అమెరికా వసను ఆహారమునందు నిషేధించెను. కావున మొక్కను సువాసనకై పెంచవచ్చును, మాటను నిలుపుకొనవచ్చును; శిశువుకు మాత్రము నాకింపరాదు.