నుఖా దెబ్బతింటే లోపల ఏం జరుగుతుంది?

కైవారం పల్లెల్లో చింతచెట్టు మీంచి పడి నడుం కింద చచ్చుబడితే, ఇంటివాళ్లు మొదట అడిగేది రోగన్ గురించే. మాలిష్ మాట తరువాత. ముందు లోపలి సంగతి తెలుసుకోండి.

వెన్నెముకలోని నరాల తాడే నుఖా. జాలీనూస్ జంతువుల్లో దాన్ని వేర్వేరు చోట్ల కోసి చూశాడు. కోత ఎంత పైన ఉంటే, చచ్చు అంత పైదాకా వచ్చింది.

దెబ్బ తగిలిన చోట కొన్ని నరకణాలు వెంటనే పోతాయి. అసలు నష్టం ఆ తరువాత పెరుగుతుంది. నిమిషాల్లో మైక్రోగ్లియా అనే కాపలా కణాలు కదులుతాయి. గంటల్లో రక్తంలోంచి న్యూట్రోఫిల్స్, రోజుల్లో మాక్రోఫేజ్‌లు చేరతాయి. చచ్చిన కణాల చెత్త ఎత్తేది ఇవే, వాపు పెంచి పక్కనున్న మంచి కణాలను చంపేదీ ఇవే! నరాలకు మైలిన్ తొడుగు వేసే ఆలిగోడెండ్రోసైట్లు వారాల తరబడి రాలుతుంటాయి. ఆస్ట్రోసైట్లు గాయం చుట్టూ గోడ కడతాయి. ఆ గోడే నరాన్ని మొలవనివ్వదని చాలాకాలం అనుకున్నారు. 2016లో ఎలుకల్లో ఆ గోడ లేకుండా చేసి చూస్తే నరాలేమీ ఎక్కువ మొలవలేదు. పైగా వాపును మంచి భాగానికి పాకనివ్వకుండా ఆపేది ఆ గోడే.

అందుకే పడిన మనిషిని లేపి కూర్చోబెట్టకండి, నడుం విరవకండి. మెడ, నడుం కదలకుండా ఉన్నచోటే ఉంచి, వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆ రోజుల్లో ఏ తైలమూ పనికిరాదు, నా దగ్గరిదైనా సరే.

ఇంటికొచ్చాక రెండు గంటలకోసారి పక్క మార్చండి. స్పర్శ లేని చోట పుండు పడినా రోగికి తెలియదు. మడమలు, పిరుదులు రోజూ చూడండి. ఎర్రబడిన చోట రుద్దకండి.